బతికున్నవా అని అడిగిన నా ప్రోగ్రాం

చాయ్ చల్లారిపోతే పోనీయుండ్రి, ముందు ఇది వినుండ్రి. నిన్న మా ల్యాబ్‌ల నా మీద పోలీస్ కేసు కొద్దిల తప్పింది. నవ్వకుండ్రి, నిజం! సైబర్ క్రైమోళ్లకు ఫోన్ కలపబోతున్నరు. ఆ హ్యాకర్ ఎవరో అందరు వెతుకుతున్నరు. ఆ హ్యాకర్ ఏమో ఆళ్ల నడుమనే చున్నీతోని చెమట తుడుసుకుంట నిలబడ్డది. నేనే!

మొదటి నుంచి చెప్త.

నేను ఎల్బీ నగర్ల పనిచేసేది చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ల అని మీకు తెల్సు గదా. రక్త పరీక్ష, షుగర్, థైరాయిడ్, అన్ని చేస్తరు. కింద రిసెప్షన్, మీద ల్యాబ్. మీద కూసొని రిపోర్టులు టైప్ చేసుడు నా పని, ప్రింట్ తీసి ఇచ్చుడు కింద రిసెప్షన్ల. ఆదివారం ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ పోయి పైథాన్ల ప్రోగ్రాములు రాసుడు నేర్చుకుంటున్న. ఎన్ని రోజులని టైపింగే చేస్త, జర ముందుకు పోవాలె గదా అని.

ఇక్కడ ఒక పరేషాన్ ఉండె. రిపోర్ట్ రెడీ అయిందని కిందికి ఎట్ల తెల్వాలె? ఇంటర్‌కమ్ చేస్తే రిసెప్షన్ల రేణుకకు ఎత్తే టైం ఉండదు. నేను మెట్ల కాడికొచ్చి, "రేణుకా, థైరాయిడ్ రెడీ!" అని మొత్తుకోవాలె. మా డాక్టర్ మేడందేమో గుంటూరు దిక్కు. నెమ్మదిగ మాట్లాడుతది గాని గుచ్చుకుంటది. "స్వప్నా, ఇది ల్యాబ్ అమ్మా, బస్‌స్టాండ్ కాదు" అన్నది ఒకనాడు.

నేను ఊకుంటే అయిపోతుండె. "మేడం, దీనికి ఒక ప్రోగ్రాం రాస్త. మీద నేను బటన్ నొక్కితే కింద రేణుక స్క్రీన్ మీద మెసేజ్ పడ్తది" అన్న.

మేడం కళ్లద్దాలు పైకి జరుపుకొని చూసింది. "నిజంగా చేయగలవా? అయితే చేసి చూపించు. బాగుంటే కంప్యూటర్ల పనంతా నీకే అప్పజెబుతాను. టైపింగ్‌కి ఇంకొకరిని చూసుకుంటాను."

సగం ఖుషీ, సగం భయం. టైపింగ్‌కు ఇంకొకరు వచ్చినంక ఈ ప్రోగ్రాం నడవకపోతే నేనెక్కడ కూసోవాలె?

కోచింగ్‌ల మా సార్ అప్పుడే సాకెట్లు, అంటే రెండు కంప్యూటర్లు ఎట్ల మాట్లాడుకుంటయో చెప్పిండు. "ఏం లేదమ్మా, ఫోన్ లెక్కనే. ఒక కంప్యూటర్ ఫోన్ చేస్తది, దాన్ని క్లయింట్ అంటరు. ఇంకోటి ఎత్తుతది, అది సర్వర్. అడ్రస్ ఫోన్ నంబర్ లెక్క, పోర్ట్ నంబర్ ఎక్స్‌టెన్షన్ లెక్క, రెండు కరెక్ట్ ఉంటే చాలు. జవాబు రాకపోతే మాత్రం ఊకోవద్దు, మళ్ల అడగాలె." ఆ ఆఖరి మాట నేను జర ఎక్కువనే పట్టుకున్న.

నిన్న పొద్దుగాల్నే పోయి రేణుక కంప్యూటర్ల సర్వర్ పెట్టిన. మీదికొచ్చి క్లయింట్ రాసిన. ముందుగాల 'ఆర్ యూ అలైవ్' అని అడుగుతది. అంటే లైన్ల ఉన్నవా అని. కొన్ని నిమిషాలు చూసి, జవాబు రాకపోతే ఫోన్ పెట్టేసి మళ్ల చేసి 'నో రిప్లై' అంటది. ఇంక రాకపోతే 'లాస్ట్ వార్నింగ్'. ఆఖరికి 'గుడ్‌బై'. అయినంక మళ్ల మొదటి నుంచి. నాకు మస్తు ముచ్చటగ అనిపించింది!

రన్ చేసిన. ఎర్రక్షరాలొచ్చినయి. కనెక్షన్ దొరకలే. మళ్ల చేసిన, మళ్ల ఎర్రక్షరాలే. నడుమల కరెంట్ పోయొచ్చింది, అడ్రస్ మారిందేమో అనుకున్న. లంచ్ కాంగనే మేడంకు చూపియ్యాలె. ఇంటర్‌కమ్ చేసిన, నా నసీబు, రేణుక ఎత్తింది.

"రేణుకా, నీ మిషిన్ అడ్రస్ జర చెప్పవా? నంబర్లుంటయి చూడు, నడుమ నడుమ చుక్కలు..."

అటుదిక్కు ఒకటే లొల్లి. టోకెన్లడిగేటోళ్లు, చిన్నపిల్ల ఏడుపు. "అక్కా, మిషిన్ మీద స్టిక్కర్ ఉంది, దాని మీద నంబర్లున్నయి. చెప్పాల్నా?"

"చెప్పు చెప్పు!"

చెప్పింది. ఆఖరుకు పోర్ట్ 9100 అన్నది. నేను పెట్టింది 9000 అని గుర్తు. 'పొద్దున తొందరల 9100 పెట్టిన్నేమో తీయ్' అని నాకు నేనే చెప్పుకున్న. కంప్యూటర్ మీద స్టిక్కర్ ఎవరు అంటిస్తరు, ఎందుకు అంటిస్తరు అని ఒక్క నిమిషం సోంచాయించలే!

కనెక్టెడ్!

అబ్బ, ఆ ఒక్క ముక్క చూసి కుర్చీల ఎగిరిన. కనెక్ట్ అయితే అయింది గాని జవాబు మాత్రం వస్తలేదు. 'ఆర్ యూ అలైవ్' పోతున్నది, అటు చడీచప్పుడు లేదు. 'నో రిప్లై' పోయింది. 'లాస్ట్ వార్నింగ్' పోయింది. సర్వర్ల ఏదో తప్పున్నది, చూద్దామని దాన్నట్లనే నడవనిచ్చి కోడ్ ముంగటేసుకొని కూసున్న.

గప్పుడు వినవడ్డది, కింద ఎవరో ఆడామె ఏడుస్తున్నది.

బిల్లు కాడ పంచాయతేమో అనుకున్న. ఇంటర్‌కమ్ మోగింది. అటుదిక్కు రేణుక. "అక్కా, జల్ది కిందికి రా! మల్లేశం సార్ రిపోర్ట్‌ల ఏదో వచ్చింది."

"ఏం వచ్చింది?"

"బతికున్నవా అని వచ్చింది!"

మల్లేశం సార్‌ది సరూర్‌నగర్. గడ్డిఅన్నారంల పండ్ల మార్కెట్ ఉన్నప్పుడు పండ్ల వ్యాపారం చేసెటోడు. కళ్లు తిరుగుతున్నయని భార్యను తోలుకొని పరీక్షలకు వచ్చిండు. ఆ రిపోర్ట్ టైప్ చేసింది నేనే. అంకె తప్పు కొట్టిన్నా? ఒకరి రిపోర్ట్ ఇంకొకరి పేరు మీద పెట్టిన్నా? మెట్లు ఎట్ల దిగిన్నో నాకే తెల్వదు. మీద ప్రోగ్రాం నడుస్తనే ఉన్నది, ఆ యాది సుత లేదు.

కింద మల్లేశం సార్ కుర్చీల ఎనక్కి వాలిండు. మొఖం నిండ చెమట, చెయ్యి ఛాతీ మీద. మేడం పక్కన కూసొని బీపీ చూస్తున్నది. ఆయన భార్య బాలమణమ్మ కాయితాలు పట్టుకొని గట్టిగ ఏడుస్తున్నది. "మా ఆయనకు ఏం రోగం వచ్చింది? నిజం చెప్పుండ్రి! ఆఖరి వార్నింగ్ అని రాసిండ్రు, ఇంక దాచేదేముంది?"

హాల్ల అందరు లేచి నిలబడ్డరు. ఒకామె అప్పుడే తీసుకున్న రిపోర్ట్ కవర్ చూడకుండనే మళ్ల టేబుల్ మీద పెట్టేసింది.

"బీపీ బాగా పెరిగింది" అన్నది మేడం. అంత కోపం ఆమె మొఖంల ఎన్నడు చూడలే. "మన సిస్టంలోకి ఎవరో దూరారు. పేషెంట్లని బెదిరిస్తున్నారు. రేణుకా, సైబర్ క్రైమ్ వాళ్లకి ఫోన్ కలుపు."

నేను బాలమణమ్మ చేతులకెల్లి కాయితం తీసుకొని చూసిన. తెల్ల కాయితం, మీద ఒక్కటే లైన్. లాస్ట్ వార్నింగ్. వార్నింగ్ స్పెల్లింగ్‌ల ఒక ఎన్ తక్కువున్నది.

ఆ ఎన్ తినేసింది నేను. రాసేటప్పుడే చూసిన, తర్వాత దిద్దుదాం తీయ్ అనుకున్న.

రేణుక వేళ్లు ఫోన్ మీద ఉన్నయి. చెప్పాలె, ఇప్పుడే చెప్పాలె. 'మేడం' అందామని నోరు తెరిచిన్నో లేదో, కౌంటర్ ఎనకాల గుర్ర్... అని చప్పుడు.

ప్రింటర్!

అందరి తలకాయలు అటు తిరిగినయి. కాయితం మెల్లెగ, జరంత జరంత బయటికొస్తున్నది. దాని మీద ఏముంటదో ఆ హాల్ల తెల్సింది నాకొక్కదానికే. ఎవరో వంగి పైకి చదివిండ్రు. "గుడ్‌బై..."

బాలమణమ్మ కేక పెట్టింది. నేను కౌంటర్ కిందికెళ్లి దూరి, ప్రింటర్ ఎనుకున్న నీలం వైరు పట్టి పీకిన. లేచేటప్పుడు తల టేబుల్‌కు ఠంగుమని కొట్టుకున్నది. వైరు చేతుల పట్టుకొని నిలబడ్డ. ప్రింటర్ మీద స్టిక్కర్ నా దిక్కే చూస్తున్నది. చుక్కలు, నంబర్లు, 9100.

"మేడం, ఫోన్ చెయ్యకుండ్రి. దూరింది బయటోళ్లు కాదు. నేనే."

"ఏంటమ్మా నువ్వనేది?"

చెప్పిన. సాకెట్, క్లయింట్, ఫోన్ లెక్క... ఏం చెప్పిన్నో ఎట్ల చెప్పిన్నో. రేణుక కంప్యూటర్‌కు పోవాల్సిన మెసేజ్‌లు ప్రింటర్‌కు పోయినయి, అది నేనేమంటే అది అచ్చేసుకుంట పోయింది. రేణుక తొందరల ఉండె, ప్రింటర్ల కెల్లి పడ్డ కాయితాలన్ని కలిపి పిన్ను కొట్టి కవర్ల పెట్టింది.

"మిషిన్ అంటే ప్రింటర్ అనుకున్ననక్కా!" అని రేణుక ఏడుపు మొఖం పెట్టింది.

"అంటే మా ఆయనకేం కాలేదా?" అన్నది బాలమణమ్మ.

మేడం అసలు రిపోర్ట్ విడిగ తీసి ఒక్కో పేజీ చూసింది. నేను సుత ఆమె భుజం మీదికెల్లి తొంగి చూస్తున్న. టైప్ చేసింది సుత నేనే గదా! "షుగర్ కొంచెం ఎక్కువుంది. మిగతావన్నీ బాగున్నాయి. ఆ బీపీ మాత్రం..." అని ఆపి నా దిక్కు చూసింది. ఆ బీపీ ఎవరి పుణ్యమో ప్రత్యేకంగ చెప్పాల్సిన పని లేదు.

జర సేపు కూసోబెట్టి, నీళ్లు తాగిపిచ్చి మళ్ల చూస్తే బీపీ దిగింది. నేను మల్లేశం సార్ కాడికి పోయి చేతులు జోడిచ్చిన. "మాఫ్ చెయ్యుండ్రి సార్." తిడ్తడు, నలుగురిని తీసుకొచ్చి లొల్లి చేస్తడు అనుకున్న. ఆయన మాత్రం రేణుకను పెన్నడిగిండు. మొదటి కాయితం మోకాలు మీద పెట్టుకొని ఏదో రాసిండు. కంప్లెయింటే అనుకొని కళ్లు మూసుకున్న.

"ఇదిగో బిడ్డా" అని చేతికిచ్చిండు. 'ఆర్ యూ అలైవ్' కింద పెద్దగ 'యెస్' అని రాసి సంతకం పెట్టిండు. "పాపం, గన్నిసార్లు అడుగుతివి. ఒక్కరన్న జవాబియ్యకపోతే ఎట్ల?"

హాలంత ఒక్కసారి నవ్వింది. మేడం మొఖం అటు తిప్పుకున్నది గాని భుజాలు ఊగుతున్నయి. తర్వాత నన్ను పిలిచి, "రేపు మళ్లీ చూపించు. పేషెంట్లు ఎవరూ లేనప్పుడు" అన్నది.

ఆ కాయితం నా బ్యాగుల పెట్టుకున్న. నా నెట్‌వర్క్ ప్రోగ్రాంకు ఇప్పటిదాంక వచ్చిన రిప్లై అదొక్కటే. అది సుత బాల్‌పెన్నుతోని!