క్రోధి నాటి బాతు

ఆక్లాండ్ శివారు బోటనీ డౌన్స్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల ఒక చైనా చిత్రకారిణి ఉంటారు. తన మొట్టమొదటి సొంత ప్రదర్శనకు చిత్రాల జాబితా తయారుచేసే పనిని ఆమె నాకు అప్పగించారు. గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. చిత్రకళలో నా పరిజ్ఞానం సున్నా అని ముందే మనవి చేసుకున్నాను.

"అందుకే మిమ్మల్ని అడిగాను. తెలిసినవాళ్లు పొగుడుతారు. మీరు లెక్కపెడతారు," అన్నారామె. మా ఉమ్మడి భాష ఇంగ్లీషు. ఆమెది నాలుగు మాటల్లో తేలిపోతుంది. నాది నలభై మాటలకు గాని ముగియదు.

లెక్కపెట్టాను. ముప్పై ఒక్క చిత్రాలు. చైనాలో చిత్రకళ చదువు ముగిశాక ఆమె పద్దెనిమిదేళ్లు ఎనామిల్ బేసిన్ల కర్మాగారంలో పనిచేశారు. రోజుకు అరవై బేసిన్ల అడుగున ఒకటే ఎర్ర పువ్వు. కూతురి వెంట ఆక్లాండ్ వచ్చాకే నల్ల సిరా, పల్చటి కాగితం మళ్లీ చేతికందాయి. అప్పటికి ఎరుపంటే మొహం మొత్తిపోయిందట. వేసవిలో ఊరంతా ఎర్రగా పూసే పొహుటుకావా చెట్టును సైతం నల్లగానే వేశారు. కాగితంలో మూడింట రెండు వంతులు ఖాళీగా వదిలేస్తారు. స్కేలుతో కొలిచి చెబుతున్నాను. ఎరుపు కనిపించేది ఒక్క మూలనే, ఆమె ముద్రలో.

ముద్ర పక్కన సంవత్సరం ఉంటుంది, అంకెల్లో కాదు, పేరుతో. వారికీ మనలాగే అరవై పేర్ల చక్రం ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. రెండు పట్టికలనూ పక్కపక్కన రాసుకుని ప్రతి చిత్రానికీ సంవత్సరం కట్టాను.

"బొమ్మలు చూసి రమ్మంటే పంచాంగం కట్టుకొచ్చారా?" అంది మా ఆవిడ.

ఇరవై మూడో చిత్రంలో ఒక బాతు ఉంది. పక్కనున్న పేరు మన క్రోధికి సరిపోయింది. గీత వంకరగా, బెదురు లేకుండా, కొత్తగా బడికి వెళ్లే పిల్లలా దూకుడుగా ఉంది. గడిచిన రెండు క్రోధుల్లో మొదటిదానికి ఆమె వయసు పదహారు. "విద్యార్థి దశ" అని రాసి, నూట ఇరవై కరపత్రాలు అచ్చు వేయించాను. అరవై నిండగానే షష్టిపూర్తి చేసుకుని పాత పేర్లనే మళ్లీ మొదలుపెట్టే జాతిలో పుట్టి ఇలా పొరబడినందుకు నాకు మన్నింపు లేదు.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు ఆమె కరపత్రం పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"ఈ బాతు అరవై ఏళ్ల కిందటిదా?"

"గీతను బట్టి అలా నిర్ణయించాను, మేడమ్."

"ఇది మన షాపింగ్ సెంటర్ వెనక చెరువులో బాతు. మొన్నటి డ్రాగన్ సంవత్సరంలో వేశాను." అంటే నిరుడే, రెండో క్రోధి. ఆమె కుడి చెయ్యి బల్ల మీద పెట్టారు. అది వణుకుతోంది. అంతవరకూ నేను గమనించనే లేదు. "ఎడమ చేత్తో వేశాను. మొదటిసారి. మీరు సరిగ్గానే చూశారు, నేర్చుకునేవాళ్ల గీతే. దాన్ని తీసేయండి. దాంతోపాటు నేనూ కుంచె కడిగి దాచేస్తాను."

క్షమాపణ చెబితే ఆమె వినే స్థితిలో లేరు. పొగడటం నాకు చేతకాదు. లేచి వెళ్లి నా నోటుపుస్తకం తెచ్చాను. ఒక్కొక్క చిత్రం ముందు నేను ఎప్పుడు నిలబడ్డానో, ఎప్పుడు కదిలానో అందులో రాసి ఉంది. ఆ రోజు అలా రాసింది పని ఎంతసేపు పట్టిందో తెలియడానికే. ముప్పై చిత్రాలకు తలా మూడు, నాలుగు నిమిషాలు. ఇరవై మూడో చిత్రానికి నలభై ఒకటి.

ఆమె వేలు పెట్టి వరుసగా చదివారు.

"సంవత్సరం అంతుపట్టక నిలబడ్డారు," అన్నారు.

"సంవత్సరానికి పట్టింది రెండు నిమిషాలే."

"మిగతా ముప్పై తొమ్మిది?"

"బాతును చూస్తూ ఉండిపోయాను. కారణం రాసుకోలేదు. అంకె మాత్రం నిజం."

ఆమె పుస్తకం మూసి, పెద్దగా నవ్వి, "మిస్టర్ నంబర్, నలభై ఒక్క నిమిషాలు బాతును చూస్తారా ఎవరైనా! మీ ఆవిడ ఏమన్నారు?" అని అడిగారు.

"అన్నం చల్లారిపోయిందన్నాను," అంది మా ఆవిడ వంటింట్లోంచి ఇంగ్లీషులో.

కరపత్రాలు మళ్లీ అచ్చు వేయించడానికి ఆమె ఒప్పుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం మా భోజనాల బల్ల మీదే సిరా కడ్డీని నీళ్లతో నూరుకున్నారు. నేను ఒక్కొక్క ప్రతినీ ముందుకు జరుపుతూ ఉంటే, ఆమె ఎడమ చేత్తో "విద్యార్థి దశ" కొట్టేసి, పక్కన చిన్న కుంచెతో "నిరుడు, ఎడమ చేత్తో" అని ఇంగ్లీషులో రాశారు. మొదటి పది ప్రతుల్లో అక్షరాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ముప్పైకి నిలదొక్కుకున్నాయి. డెబ్బై దాటాక ప్రతి కాగితం మీదా ఒక బాతు తోక కూడా ప్రత్యక్షం కావడం మొదలైంది. అది జాబితాలో లేని విషయమని అభ్యంతరం చెప్పాను, ఆమె వినిపించుకోలేదు.

నూట ఇరవయ్యో ప్రతి ఆరబెట్టాక సిరా గిన్నెలోకి తొంగి చూశారు.

"ఇంకా మిగిలింది. మీ దగ్గర కాగితాలున్నాయా?"