తాడు లోపలి దస్తీ

పాత రైల్వే స్టేషన్‌ను చిత్రాల మ్యూజియం చేశారంటే, ఈ రోజు మా అత్తమ్మను పంజాగుట్ట నుంచి ఆటోలో తీసుకెళ్లాను. వెయిటింగ్ రూమ్‌లో పాత చెక్క బెంచీ చుట్టూ తాడు కట్టి ఉంది. నేను అటు తిరిగేలోగా అత్తమ్మ, బస్సు కిటికీలోంచి వేసినట్టే, బెంచీ మీదికి దస్తీ విసిరి సీటు పట్టేసి, మంచినీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి జనం ఆ దస్తీకి ఫోటోలు తీస్తున్నారు. ఒకమ్మాయి కళ్లు కూడా తుడుచుకుంది.

అత్తమ్మ చెయ్యి చాచగానే గార్డు అడ్డం వచ్చాడు.

"ముట్టద్దమ్మా. తాడు లోపల ఉన్నయన్నీ మ్యూజియంవే."

"గా దస్తీ నాది బిడ్డా! ఇంటి తాళంచెవి సుత దాని మూలకే ముడేసిన."

"అయితే మా సారొచ్చి చెప్పాలె. అమీర్‌పేటల ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు."

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాం. ఇంటికి పోలేం, కూర్చోలేం. ఉన్న ఒక్క బెంచీ తాడు లోపలే ఉంది. అత్తమ్మ మాత్రం తన సీటులో ఇంకెవరూ కూర్చోలేదని నిశ్చింతగా ఉంది.

ఇది నిలబడే రాస్తున్నాను. అమీర్‌పేట చౌరస్తాలో మీరెవరైనా ఉంటే, ఆ సారుకు జర దారివ్వండి.