వలముడి జడ

కైకలూరులో వలల కొట్టు ముందు నడిస్తే, ఆ కొత్త నైలాన్ దారం వాసనకి ఇప్పటికీ నా జడ బిగుసుకున్నట్టుంటుంది.

అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లిన రోజుల్లో, చేపల చెరువు మీద పనిచేసే నాన్నే నాకు జడలు వేసేవాడు. వలకి వేసే ముడే రిబ్బనుకీ వేసేవాడు.

తిరిగొచ్చిన అమ్మ ఆ ముడి విప్పలేక నవ్వేసింది.

"ఏవండీ, ఇది పిల్ల జడా, చేపల వలా?"

"బళ్లో ఒక్కసారైనా ఊడిందేమో దాన్నే అడుగు," అన్నాడు నాన్న గర్వంగా.

అమ్మ తన జడ విప్పేసుకుని నాన్న ముందు కూర్చుంది.

"అయితే నాకూ వేయండి."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. పాపం, కువైట్‌లో అమ్మ జడ వేసుకోవడమే మర్చిపోయిందనుకున్నాను.

"నాన్న నేర్పుతాడులే అమ్మా, భయపడకు," అన్నాను.

ఇద్దరూ ఎందుకంత నవ్వారో నాకు పెళ్లయ్యాక తెలిసింది.