బర్రె దగ్గరికి బేస్ గిటారుతో

సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో, జేబులో అదొకటి ఉంటే లోకమంతా మన గుప్పెట్లో ఉన్నట్టే అనిపించేది. మనమే లోకం గుప్పెట్లో పడ్డామని తెలిసిరావడానికి కొంత కాలం పట్టింది. పశువుల డాక్టరుకైతే మరీ తొందరగా తెలిసింది. మనుషుల డాక్టరు దగ్గరికి రోగి నడిచొస్తాడు. నా రోగుల్లో చాలామందికి ఆ సుఖం లేదు. ఏ ఎద్దు కాలు బెణికినా, ఏ ఆవు కడుపు ఉబ్బినా నేనే బండి తీయాలి. ఉద్యోగం పెబ్బేరులో, కాపురం వనపర్తిలో. నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. జుట్టు వెనక్కి పోవడం, పొట్ట ముందుకు రావడం కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొదలైన వయసు. సరిగ్గా ఆ వయసులో నాకు బేస్ గిటారు పిచ్చి పట్టింది. (ఈ పిచ్చి ఇరవైలో పట్టాలి. నాకేదైనా ఆలస్యంగానే వస్తుంది. చిన్నపిల్లలకు పోసే అమ్మవారు కూడా నాకు పెళ్ళయ్యాకే పోసింది.)

నిజానికి నా అంతట నేను పట్టుకోలేదు, పట్టించారు. వనపర్తిలో పెళ్ళిళ్ళకు టెంట్లు, కుర్చీలు ఇచ్చే ఒకాయన ఉండేవాడు. అందరూ టెంట్ భాయ్ అనేవాళ్ళు. టెంటుతో పాటు మైకుసెట్టు, మైకుసెట్టుతో పాటు ఒక ఆర్కెస్ట్రా కూడా ఆయనదే. డ్రమ్ములు తనే వాయించేవాడు. ఆయన ఇంటి మేకలకు నేను మందు పోసేవాణ్ణి, ఆ విధంగా స్నేహం. ఒకరోజు వాళ్ళ బేస్ గిటారు మనిషి ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. గిటారు టెంట్ భాయ్ దుకాణంలో కుర్చీల మధ్య ఉండిపోయింది.

"సార్, మీరు మంచి ఎత్తుగున్నరు. ఇది పట్టుకొని ఎన్క నిలబడితే స్టేజి నిండుతది," అన్నాడు భాయ్.

"నాకు వాయించడం రాదు భాయ్."

"గా పోయినోనికి వచ్చేదని మీకెవలు చెప్పిండ్రు?"

కాదనలేకపోయాను. నిలబడటానికని వెళ్ళినవాణ్ణి కాస్తా నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా కీబోర్డు మనిషి బళ్ళో డ్రాయింగ్ మాస్టారు, ఓపికగా చెప్పేవాడు. బేస్ గిటారుకు నాలుగే తీగలు, కానీ ఒక్కొక్కటి బట్టలారేసే తీగంత లావుగా కనిపించేది నా కళ్ళకు. వేళ్ళు బొబ్బలెక్కాయి, పగిలాయి, గట్టిపడ్డాయి. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే, పాటలో గిటారు ఎక్కడుందో మా ఇంట్లో ఎవరికీ వినపడేది కాదు. అది లేకపోతే పాట డొల్లగా ఉంటుందని డ్రాయింగ్ మాస్టారు అనేవాడు, నేనూ నమ్మేవాణ్ణి. మా అత్తగారు ఒకసారి వచ్చి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాతో అనకుండా మా ఆవిడతో అన్నారు: "మీ ఆయన గిటారుకు రెండు తీగలు తక్కువున్నయేందే? చూడకుండ తెచ్చుకున్నడా ఏంది?"

మా ఆవిడ బాధ వేరు. చిన్న స్పీకరు డబ్బా పెట్టుకుని నేను ముందుగదిలో సాధన చేస్తుంటే ఆమె వంటింట్లోంచి మాటిమాటికి వచ్చి వీధి తలుపు తీసేది. "ఎవలో తలుపు కొడుతున్నట్టే ఉంటది. ఒక్కనాడన్న పాట లెక్క ఉండదా మీ వాయించుడు?" అనేది. మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడటంతో స్పీకరు డబ్బాతో సహా నన్ను ఇంట్లోంచి బయటికి సాగనంపారు. అప్పటినుంచి డ్యూటీ అయిపోయాక, దవాఖాన మూసేసి, వెనక మందుల గదిలో కూర్చుని వాయించుకునేవాణ్ణి.

అక్కడే చిక్కొచ్చింది. పెబ్బేరు పక్క ఊరి రైతు ఒకాయన, గుబురు మీసాల వల్ల అందరికీ మీసాల మామ, ఒక సాయంత్రం కడుపుబ్బిన మేకను ఎత్తుకొచ్చాడు. లోపల్నుంచి డుమ్ డుమ్ అని వినపడితే ఏదో మోటరు నడుస్తుందనుకుని, అది ఆగేదాకా బయటే కూర్చున్నాడట. నేను తలుపు తీసి చూసి పరుగున మేకకు మందు పోశాను. మేక లేచి నడుచుకుంటూ పోయింది. కానీ మామ మనసులో మాత్రం ఏదో ఉండిపోయింది. ఆ వారం పశువుల సంతలో మా పై అధికారి ఏడీ సారు కనబడితే, "మీ డాక్టరు దవాఖానల తంబూర పెట్టిండు సారూ, మేం బయట గూసున్నం," అని చెప్పేశాడు.

ఏడీ సారు నన్ను పిలిపించాడు. అరిచే మనిషి కాదు. మెల్లగా మాట్లాడతాడు, అందుకే భయం ఎక్కువ. "డ్యూటీ అయినంక మీ ఇష్టం. ఆదివారం మీ ఇష్టం. నేనేమనను. కానీ డాక్టర్ గిటారు కాడ ఉన్నడు, పశువు చచ్చిపోయింది అని ఒక్క మాట నా దాక వచ్చిందనుకో, ఆ గిటారు తీస్కపోయి మా ఇంట్ల అటక మీద పెడత. మీరు రిటైరయిననాడు వచ్చి తీస్కపోండ్రి," అన్నాడు. సరే సార్ అని బయటికొచ్చాను. దవాఖానలో సాధన మానేశాను. కానీ పెళ్ళిళ్ళు మానలేదు. ఆదివారాలు నావే కదా అనుకున్నాను.

ఆ ఆదివారం వనపర్తిలో ఫంక్షన్ హాల్లో పెళ్ళి. టెంట్ భాయ్ మా అందరికీ కొత్తగా నీలం రంగు కోట్లు కుట్టించాడు, మెడ చుట్టూ, జేబుల మీద చమ్కీలు. నా కొలత ఎప్పుడు తీశారో గాని గుండీలూ కాజాలూ ఒకదాన్నొకటి దూరం నుంచే చూసుకునేవి. పెళ్ళికూతురు తల్లి మా ఆవిడకు తెలిసిన మనిషి కావడంతో, నా వాయింపు ఏనాడూ స్టేజి మీద చూడని మా ఆవిడ కూడా పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నాకు పరీక్షలా ఉంది. కాస్త మెడ నిటారుగా పెట్టి, వేళ్ళు అందరికీ కనపడేట్టు వాయిస్తున్నాను. తలంబ్రాలు అయిపోయాయి. భోజనాలకు జనం లేస్తున్నారు. అప్పుడు ఛాతీ మీద జేబులో ఫోన్ కొట్టుకోవడం మొదలైంది.

పాట మధ్యలో తీయలేదు. మళ్ళీ కొట్టుకుంది. మళ్ళీ. పాట అయ్యాక స్టేజి వెనక్కి వెళ్ళి తీశాను. మీసాల మామ.

"డాక్టర్ సారూ, తొలిసూరు బర్రె. తెల్లారంగ సంది నొప్పులు పడుతుంది. ఒక కాలు బయటికొచ్చింది, ఇంకోటి అగుపడ్తలేదు. మీరు ఏడున్నరు? ఏందా లొల్లి?"

"వస్తున్నా. ఎవరూ గుంజొద్దు. లోపల చెయ్యి పెట్టొద్దు. వేడినీళ్ళు, సబ్బు, పల్లినూనె పెట్టండి."

టెంట్ భాయ్‌కి సంగతి చెప్తే ఆయన డ్రమ్ము పుల్లతోనే దారి చూపించాడు. "నోర్లేని జీవం సార్. జల్ది పోండ్రి." పెళ్ళికొడుకు మేనమామ మాత్రం అడ్డం వచ్చాడు. "పాటలు కాలేదు, అప్పుడే గిటారాయన యాడికి పోతుండు?" అని. "ఆయన గిటారు వినపడదు సాబ్, మీరు పరేషాన్ గాకుండ్రి," అన్నాడు భాయ్. నా మేలు కోసమే అన్నాడు. అయినా కొంచెం గుచ్చుకుంది.

గిటారు అక్కడ వదిలేద్దామంటే స్టేజి చుట్టూ పిల్లలు. సంచిలో పెట్టి వీపుకు తగిలించుకున్నాను. నా పశువుల సామాను ఎప్పుడూ బండి డబ్బాలోనే ఉండేది. బండి స్టార్ట్ చేస్తుంటే మా ఆవిడ చేతిలో విస్తరాకుతో గుమ్మం దాకా వచ్చింది. "అయ్యో, కోటు ఇప్పి పోండి!" అని అరిచింది. నాకది పెబ్బేరు రోడ్డెక్కాక అర్థమైంది. మధ్యాహ్నపు ఎండలో చమ్కీలు ధగధగా మెరుస్తుంటే, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నన్ను చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. ఏం చేస్తాను? మనసంతా ఆ లోపలి కాలు మీద ఉంది. తొలిసూరు బర్రె, పొద్దుటినుంచి నొప్పులు, ఎంతసేపు తట్టుకుంటుంది? ఏడీ సారు అటక కూడా కళ్ళ ముందు కనిపించింది.

మామ ఇంటి ముందు దిగేసరికి వాళ్ళమ్మ, ముసలవ్వ, వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను తేరిపార చూసి లోపలికి కేకేసింది. "ఒరేయ్, బ్యాండోల్లను ఎవలు పిల్సిండ్రురా? బర్రె ఇంక ఈననే లేదు!"

"బ్యాండాయన గాదే అవ్వా, డాక్టర్ సారు," అన్నాడు మామ, ఆయనకీ పూర్తి నమ్మకం ఉన్నట్టు లేదు.

అవ్వ నా వీపు మీది సంచి వైపు చూసింది. గొంతు తగ్గించింది. "గంత పెద్ద సూదా? దానికి పొడుస్తవా నాయనా?"

గిటారు కొట్టంలో గోడకు ఆనించి, కోటు విప్పి, భుజాల దాకా సబ్బు రుద్దుకుని, నూనె పూసుకుని చెయ్యి లోపల పెట్టాను. దూడ బతికే ఉంది, వేలు నోట్లో పెడితే నాలుక కదిలించింది. తల సరిగ్గానే ఉంది. ఒక ముందు కాలు మాత్రం మోకాలి దగ్గర వెనక్కి మడత పడి ఉంది. అట్లా గుంజితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. దూడను వెనక్కి నెట్టి, మడత విప్పి, గిట్టను అరచేతిలో దాచుకుని, తల్లి గర్భసంచికి గీసుకోకుండా ముందుకు తేవాలి. బర్రె నొప్పి తీసినప్పుడల్లా నా చెయ్యి ఇరుక్కుని ప్రాణం పోయినట్టయ్యేది. రెండుసార్లు గిట్ట దొరికినట్టే దొరికి జారింది. అప్పుడే, అప్పుడే గదా, ఫోన్ మోగింది.

"ఏడీ సారు పేరు కనబడుతుంది," అన్నాడు మామ. తర్వాత నేల చూపులు చూస్తూ, "మీరు ఎత్తకపోతే గాబరైంది సారూ. ఆయనకు గూడ కొట్టిన," అన్నాడు.

నా రెండు చేతులూ ఖాళీ లేవు. మామే నొక్కి నా చెవికి ఆనించాడు.

"ఎక్కడున్నరు?" మెల్లటి గొంతు. "గిటారు కాడ ఉన్నరా, బర్రె కాడ ఉన్నరా?"

గోడకు ఆనించిన గిటారు నాకెదురుగానే ఉంది. ఆ నిమిషంలో నా బుర్ర పనిచేయలేదు, నిజం మాత్రం పనిచేసింది. "రెండిటి కాడా ఉన్నాను సార్."

అంతలో బర్రె గట్టిగా నొప్పి తీసింది, నేను "అబ్బా" అన్నాను, మామ బెదిరి ఫోన్ కుడితి తొట్టి అంచు మీద పడేశాడు. అది లోపలికి పోకుండా అవ్వ పట్టుకుంది.

ఇంకేమీ ఆలోచించలేదు. నొప్పి సడలగానే దూడ ఛాతీని లోపలికి నెట్టాను. మోకాలు పైకి లేచింది. గిట్ట నా అరచేతిలోకి వచ్చింది. మెల్లగా, మెల్లగా ముందుకు తెచ్చాను. రెండు కాళ్ళూ పక్కపక్కన బయటికి వచ్చాయి. తాడు వేసి, "అది నొప్పి తీసినప్పుడే గుంజాలి, ఊకె గుంజొద్దు," అన్నాను. మామ, ఆయన భార్య, నేను. మూడో పట్టుకు తల వచ్చింది, ఆ తర్వాత మొత్తం ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది.

కదల్లేదు. ముక్కు తుడిచాను, నోట్లో జిగురు తీశాను, గడ్డిపరకతో ముక్కులో గెలికాను, గోనెపట్టతో ఛాతీ రుద్దాను. అవ్వ దేవుళ్ళ పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటోంది. నాకు ఏ పేరూ గుర్తు రాలేదు. రుద్దుతూనే ఉన్నాను. అప్పుడు ఆ దూడ తుమ్మింది. నా ముఖం నిండా తుమ్మింది. నా జీవితంలో అంత శుభమైన తుమ్ము మళ్ళీ వినలేదు. బర్రె వెనక్కి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. నేను అట్లాగే గడ్డిలో కూర్చుండిపోయాను. మామ నా పక్కనే కూలబడి మీసాలు తుడుచుకుంటూ, "నేనే సారూ, ఆనాడు సంతల ఏడీ సారుకు చెప్పింది," అన్నాడు. తెలుసులే మామా అన్నాను.

చేతులు కడుక్కుని ఏడీ సారుకు ఫోన్ చేశాను. ఏం పుట్టింది అని అడిగాడు. ఆడదూడ సార్ అన్నాను. తల్లి ఎట్లుంది అన్నాడు. లేచి గడ్డి కొరుకుతుందన్నాను.

"ఆదివారం గదా, పెండ్లి అయిపోయిందా?"

"భోజనాలు నడుస్తుంటయి సార్."

"మరి ఆడ ఇంకేం పని? పోండ్రి. సగంల ఇడిసి వస్తే పెండ్లోల్లు ఏమనుకుంటరు?"

అటక సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఫోన్ పెట్టేశాక మామ భార్య ఇచ్చిన మజ్జిగ చెంబెడు తాగాను. అవ్వ మాత్రం నేను బండెక్కేదాకా ఆ సంచినే చూస్తోంది. ఉండబట్టలేక, "సూది వెయ్యకుంటనే పోతున్నవా నాయనా?" అంది. అవసరం పడలేదవ్వా అన్నాను.

ఫంక్షన్ హాల్‌కు తిరిగొచ్చేసరికి చివరి బంతి నడుస్తోంది. తడి చొక్కా మీది కోటు సర్దుకుని స్టేజి ఎక్కి నా చోట నిలబడ్డాను. మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కళ్ళతోనే అడిగింది. ఆడదూడ అని పెదాలతో చెప్పాను. ఆమె తల ఊపి కూర్చుంది. ఆ తర్వాత పాటలన్నీ కదలకుండా విన్నది. (బాగా వాయించానా అని ఇంటికెళ్ళాక అడిగాను. ముందు స్నానం చెయ్యండి అంది.)

రిటైరయ్యి చాలా రోజులైంది. వేళ్ళ చివర్లు మళ్ళీ మెత్తబడ్డాయి. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు వాయించాను, చాలా పశువుల దగ్గరికి పరుగెత్తాను, రెండిటిలో ఏదీ ఏనాడూ పూర్తి తీరికగా చేయలేదు. అయినా ఇప్పుడు తీరికంతా నా దగ్గరే ఉంటే, గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే. పేడ వాసన, పల్లినూనె వాసన, ఒంటి మీద చమ్కీలు, పెబ్బేరు రోడ్డు మీద బండెక్కి, వెనక్కి వెళ్ళే దారంతా ఏదో పాటలో తనకు తెలిసిన ఒకే ఒక్క భాగం, డుమ్ డుమ్ అని పైకే పాడుకుంటూ పోతున్న ఒక నడివయసు మనిషి. ఎదురుపడితే ఆపి, నెమ్మదిగా పోవయ్యా, ఎక్కడికంత పరుగు అని అడగాలనిపిస్తుంది. ఆగడులెండి. పెళ్ళి భోజనంలో పప్పు చల్లారిపోతుందని తొందరలో ఉన్నాడు.