అన్న ఎడమచేతి ఫొటో

మా అన్న కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు పవర్‌లూమ్ పళ్లచక్రాల మధ్య నలిగిపోతే దవాఖానలో తీసేశారు. ఆ తర్వాత చాలాకాలం అతను మా ఎదుట అన్నం తినలేదు. కంచం పట్టుకొని వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. వదిన కూరగిన్నెతో బయటే నిలబడేది, పిలుస్తాడేమోనని. పిలిచేవాడు కాదు.

నేను సుబేదారిలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేస్తాను. మిషన్లలో విరిగిపోయి బజారులో దొరకని భాగాలను కంప్యూటర్‌లో గీసి, ప్లాస్టిక్‌లో ప్రింట్ తీసి ఇవ్వడం మా పని. వచ్చేవాళ్లు చాలాసార్లు ఫొటో మాత్రమే తెస్తారు. దాన్ని తెర మీద పరిచి, రంగు కాస్త పలచన చేసి, అంచుల వెంట గీత గీసుకుంటూ పోతాను. చిన్నప్పుడు బొమ్మ మీద పలచని కాగితం పెట్టి దించుకున్నట్టే. కాకపోతే ఫొటోలో ఎక్కడో ఒకచోట అసలు కొలత తెలియాలి. అందుకే పక్కన స్టీలు స్కేలు పెట్టి తీయమంటాను. కంప్యూటర్‌కు స్కేలు కొలత చెబితే మిగతా బొమ్మంతా ఆ లెక్కకు వస్తుంది.

అన్నకు వేళ్లు గీయాలన్న ఆలోచన నాదే. ఎడమచేతిని ఫొటో తీసి, గీసి, అద్దంలోలా తిప్పితే కుడిచేతి వేళ్లు వస్తాయి కదా అనుకున్నాను.

"అన్నా, జర నీ ఎడమ చెయ్యి ఈ కాయితం మీద పెట్టు. ఫొటో తీసుకుంట."

"ఎందుకే?"

చెప్పాను. అన్న నా వైపు చూడలేదు. "పోయినయి పోయినయ్. మళ్ల బొమ్మలు జేసి ఏం జేత్తవ్?"

"పెట్టరాదు? అంతగనం అడుగుతాంది," అంది వదిన.

పెట్టాడు. చెయ్యి సాపుగా పెట్టమన్నాను. "గిదే సాపు," అన్నాడు.

అన్న చేతిని నేను అంతసేపు ఎన్నడూ చూసి ఉండలేదు. తెర మీద పెద్దది చేస్తే గోళ్ల మీది గీతలు, నూలు కోసిన సన్నని మచ్చలు కనిపించాయి. కణుపు దగ్గర ఒక చుక్క, గోరు పక్కన ఒక చుక్క పెడుతూ వంపు కలుపుకుంటూ పోయాను. ఉన్న వేలి చుట్టూ గీస్తున్నానని తెలుసు, అయినా కళ్ల ముందు మెదిలింది లేని వేలే. ఆఫీసులో పక్కవాళ్లు చూడకుండా తెరను కాస్త గోడవైపు తిప్పుకున్నాను.

ప్రింట్ వచ్చాక ఇంటికి తెచ్చి, మిగిలిన వేళ్ల మొదళ్లకు తొడిగాను. వేళ్లు లావుగా, పొడుగ్గా ఉన్నాయి. అన్న చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇవి నావి గావు చెల్లె. ఎవనియో."

ఆ ఫొటోనే మళ్లీ తెరిచి చూస్తే గానీ తప్పేమిటో తెలియలేదు. స్కేలు బల్ల మీద ఉంది. వేళ్లు మాత్రం బిగుసుకొని పైకి లేచి ఉన్నాయి. ఫోనుకు దగ్గరైనది పెద్దగా కనబడుతుంది. భయంతో లేచిన వేళ్లను నేను ఉన్నదానికంటే పెద్దవిగా గీశాను. ఆ సంగతి అన్నకు చెప్పలేదు. రెండోసారి వదిన అతని చేతిని తన రెండు చేతుల్లో కాసేపు పెట్టుకొని, మెత్తబడ్డాక మెల్లగా కాగితం మీద ఆనించింది. ఆ ఫొటోతో వేళ్లు సరిగ్గా వచ్చాయి.

అవి తొడుక్కొని హసన్‌పర్తిలో చుట్టాల పెండ్లికి వచ్చాడు. చేతులు జోడించి అందర్నీ పలకరించాడు. ఎవరూ గమనించలేదు. నాకు లోపల గర్వంగానే ఉంది, బంతి కూర్చునేదాకా.

విస్తట్లో అన్నం, పప్పు వడ్డించారు. నేను చేసిన వేళ్లు వంగవు. అన్నం కలపబోతే మెతుకులు వాటి అతుకుల్లో ఇరుక్కున్నాయి. అన్న కాసేపు విస్తరి వైపే చూశాడు. తర్వాత ఎడమచేత్తో ఒక్కో వేలూ ఊడదీసి, దస్తీలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అన్న తల వంచుకొని, మిగిలిన వేళ్లతో అన్నం కలుపుకొని తిన్నాడు. అందరి ముందూ అతని చేతి మీది బట్ట నేనే లాగేసినట్టనిపించింది.

వాపసు వస్తుంటే ఆటోలో అడిగాను. "కోపమచ్చిందా అన్నా?"

"కోపమెందుకే? మంచిగనే జేసినవ్. గని నాకు అక్కెర వేరే ఉన్నది."

"ఏంది?"

"కత్తెర పట్టరాత్తలేదు."

మగ్గాల షెడ్డులో ఇప్పుడు అతన్ని నేసిన బట్టలో లోపాలు చూసే పనిలో పెట్టారు. తేలిన పోగులు కత్తిరించాలి. కత్తెర రింగులో ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండూ కలిసి దూరవు. ఈ మాట ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరునాడు కత్తెరను కాగితం మీద పడుకోబెట్టి ఫొటో తీశాను. ఇనుము బిగుసుకోదు కదా, కొలత మొదటిసారికే కుదిరింది. పాత రింగు మీద గీసి, రెండు వేళ్లు పట్టేంత వెడల్పు చేసి ప్రింట్ తీసి, పాత రింగు కోయించి దాని చోట బిగించాను. వారం గడిచాక ఎట్లుందని అడిగితే, "నడుత్తాంది," అన్నాడు. బొటనవేలి దగ్గర ఒరుసుకుంటోందని వదిన చెప్పింది. అది కూడా సరిచేశాను.

మొన్న మాటల్లో, తన మగ్గం మీద ఇప్పుడు కొత్తతను పనిచేస్తున్నాడని చెప్పాడు. చక్రాల మీద మూత పెట్టారా అని అడిగాను. లేదన్నాడు. ఫొటో తీసుకొస్తే మూత నేనే గీస్తానన్నాను. తెచ్చాడు. స్కేలు పక్కనే పెట్టాడు, ఫోను కూడా వంకర పోకుండా పట్టాడు. కానీ చక్రాలు ఉండాల్సిన చోట తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. దేని వెంట గీత గీయను?

"మగ్గం ఆపి తియ్యన్నా."

"ఆపనియ్యరు చెల్లె. కరెంటు పోయినప్పుడు తీత్త."

ఇంకా తీయలేదు. ఇప్పుడు కరెంటు సరిగ్గానే ఉంటోంది.