గిర్ని ఆగితేనే పాఠం

కొల్లాపూర్‌లో మా పెద్దమ్మ పోయిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది ఆమె పక్కింటి పిండి గిర్ని ఆయన. నిద్రలోనే పోయిందట. ఎవరికీ పని చెప్పకుండా బతికిన మనిషి అలాగే పోయిందనుకున్నాను. ఏడుపు మాత్రం వనపర్తి దాటాక బస్సులో వచ్చింది.

పెద్దమ్మ సోషల్ టీచరుగా రిటైరైంది. వీపనగండ్లలో చూపులేని అమ్మాయి ఒకతె డిగ్రీ పరీక్షలకు చదువుకుంటోంది. ఇంట్లో పుస్తకం చదివి వినిపించేవాళ్లు లేరని తెలిసి, చరిత్ర పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసి పంపుతానని మాటిచ్చింది. ఫోన్‌లో తప్పు దొర్లితే దిద్దడం ఆమెకు రాదు. అందుకని నేను వాడకుండా మూలన పడేసిన ల్యాప్‌టాప్‌లో, పాతవాటి మీదా తేలిగ్గా నడిచే లినక్స్ అనే సిస్టం వేసి ఇచ్చాను.

చిక్కల్లా గిర్నితోనే. కరెంటు ఉన్నంతసేపూ గోడ అవతల జొన్నలో మిరపకాయలో ఆడుతూనే ఉంటాయి. ఆ మోతలో పాఠం వినపడదు. రాత్రి చదువుదామంటే లైటు వెలుతురులో ఆమెకు అక్షరాలు ఆనవు. ఇక మిగిలింది పగటి కరెంటు కోతే. వీధంతా కరెంటోళ్లను తిట్టుకుంటుంటే ఈవిడ కళ్లద్దాలు తుడుచుకుని సంతోషంగా పుస్తకం తెరిచేది.

ఆ ల్యాప్‌టాపేమో బ్యాటరీ మీద పాఠం సగానికే ఆరిపోయేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కదా, ఒక సెలవు రోజు వెళ్లి ఛార్జింగ్ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాం వేశాను. అదే పని చేసేది సిస్టంలో ముందే ఒకటుంది. దాన్ని ఆపలేదు. ఒకటి తగ్గించింది ఇంకొకటి పెంచుతూ, బ్యాటరీ ఇంకా ముందే అయిపోయింది. ఫోన్‌లో సంగతి వివరించాను.

"ఒక్క క్లాసుకు ఇద్దరు టీచర్లను పంపినవు బిడ్డా. ఒకరు కూసోమంటరు, ఒకరు లేవమంటరు. పిల్లలు ఏం జేస్తరు?" అంది.

ఒకదాన్ని తీసేశాను. వైఫై, బ్లూటూత్ ఆపేయడం, తెర వెలుతురు తగ్గించడం ఆమె తనంతట తాను నేర్చుకుంది. ఏ ప్రోగ్రాం ఎంత కరెంటు తాగుతోందో చూపే పవర్‌టాప్ ఆమెకు భలే నచ్చింది. హాజరు తీసుకున్నంత శ్రద్ధగా చూసి, పనిలేకుండా మాటిమాటికీ లేచే ప్రోగ్రాంల పేర్లు నాకు చెప్పి ఆపించేది. ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి ఉంచితే బ్యాటరీ తొందరగా పాడవుతుందని ఛార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆగేలా పెట్టాను. కడుపు నిండ తినకుంటే ఎక్కువ దినాలుంటదన్నమాట అని నవ్వింది. కోత అయ్యేలోపు పాఠం పూర్తవడం మొదలైంది.

ఇంత తంటా ఎందుకు, గిర్ని ఆయనను కాసేపు ఆపమని అడగరాదా అని ఒకసారి అన్నాను. ఆమెకు నచ్చలేదు. "పిండి వడితెనే వాళ్లింట్ల రొట్టె. నా పాఠానికి వాళ్లెందుకు ఆగాలె?" అంది.

ఆమె పోయేనాటికి ఇంకా రెండు పాఠాలు మిగిలాయి. పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఆ అమ్మాయి ఫోన్ చేసి, టీచర్ చివర్లో బాధపడిందా అని మాత్రమే అడిగింది. పాఠాల ఊసెత్తలేదు. అది నాకు ఎక్కువ బరువనిపించింది.

దినాలయ్యాక, ఆ రెండు పాఠాలూ నేనే చదువుదామని పెద్దమ్మ కుర్చీలో కూర్చున్నాను. గిర్ని ఆడుతూనే ఉంది. ఆ రోజు కరెంటు పోయే సూచనే లేదు. మధ్యాహ్నం దాకా చూసి, లేచి వెళ్లి గిర్ని ఆయనకు సంగతంతా చెప్పాను. చేతులకంటిన పిండి దులుపుకోకుండానే మోటారు దగ్గరికి నడిచాడు.

"ఇన్నేండ్లు గోడ పక్కనే ఉండి ఒక్క మాట అడగకపాయె టీచరమ్మ," అని దాన్ని ఆపేశాడు.

లోపలికి వచ్చి రికార్డింగు మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టే ఉంది. పేజీ తిప్పినప్పుడల్లా కిటికీలోంచి గిర్ని మెట్లు కనిపించాయి. పిండికి వచ్చిన ఆడవాళ్లు జొన్నల గంపలు ఒళ్లో పెట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. రెండు పాఠాలూ అయ్యేదాకా ఒక్కరూ మాట్లాడలేదు.