నల్లమందుకు పిసినారి కాపలా

చెరకు నరికే రోజుల్లో మా వాడలో పసిపిల్లలంతా బుద్ధిమంతులే. పొద్దున్నే తల్లి బిడ్డ నాలుకకు ఇంత నల్లమందు రాసిందంటే, మధ్యాహ్నం దాకా కిక్కురుమనేవాళ్ళు కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండ్లు ఆగకుండా పోవాలి కదా! ఏడ్చే బిడ్డను చంకనేసుకుని చెరకు నరికే ఆడది ఇంకా పుట్టలేదు.

ఒకనాడు నా కొడుక్కి మందు రాసి పనికి పోయాను. నేనటు పోగానే వాడు కాస్త గునిశాడట, మా అత్త మళ్ళీ రాసింది. నేను తిరిగొచ్చేసరికి పిల్లాడు ఎంత లేపినా లేవలేదు. పెదవులు నీలమయ్యాయి. "నువ్వు రాసినవని నాకేమెరుక?" అని ఆమె, "నన్నొక్క మాట అడగకపోతివి!" అని నేను, బండిలో ఆసుపత్రి దాకా కొట్లాడుకుంటూనే పోయాం. అక్కడి నర్సమ్మ వాణ్ణి బతికించింది. ఆ తర్వాత మా ఇద్దరినీ తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టలేను. ఆనాటి నుంచి మా అత్త వాణ్ణి ఒంటరిగా ఎత్తుకోవాలంటేనే వణికేది.

కొన్నాళ్ళకు నర్సమ్మ మా వాడకే వచ్చింది. మందు మానేయమంటే అందరం తలలూపాం. ఊపడానికేం పోయింది? అది ఆమెకూ తెలుసు. అందుకే మందు డబ్బాలన్నీ ఒక్కచోట పెట్టమంది, పిల్లల దగ్గర రోజుకొకరు కూర్చోమంది. పొలం పటేలు గట్టు మీద పందిరి వేయిస్తానన్నాడు. ఇక డబ్బాలు ఎవరి దగ్గర పెట్టాలి? అందరం ఒకే ఇంటివైపు చూశాం.

ఆ ఇంటి ముసలమ్మ పిల్లికి బిచ్చం పెట్టదు. పొయ్యిలోకి నిప్పడిగినా "మొన్ననే ఇస్తి గద" అనేది. ఆమెతో కొట్లాడని ఇల్లు మా వాడలో లేదు. డబ్బాలు తెచ్చి ఒళ్ళో పోస్తే తెగ మురిసిపోయింది. ఎవరికీ ఏమీ ఇవ్వొద్దని జనం ఆమెను బతిమాలడం అదే మొదలు.

పందిరి కింద ఏడుపులు మొదలయ్యాయి. చెవులు పగులుతున్నాయని మగవాళ్ళు గొణిగారు. పగలనీ అన్నాం.

ఒకరోజు వంతు మనిషికి జ్వరమొచ్చింది, పందిరి కింద పిల్లల దగ్గర కూర్చునేవాళ్ళు లేరు. నా కొడుక్కి పళ్ళొస్తున్నాయి, ఒకటే ఏడుపు. "పిల్లగాన్ని ఊకుంచుతవా, ఇంటికి పోతవా?" అని కోత పని చూసే మేస్త్రీ కసిరాడు. బిడ్డనెత్తుకుని ముసలమ్మ దగ్గరికి ఉరికాను.

"అవ్వా, గీ ఒక్కపారికి గోరంత ఇయ్యి."

"ఇయ్య."

"నీ కాళ్ళు మొక్కుత."

"మొక్కినా ఇయ్య."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె అన్నీ విన్నది. లేచి, తలుపుకు తాళం వేసి, చెంగు బిగించింది.

"పిల్లగాన్ని గిటియ్యి. నువ్ పనికి పో."

వాణ్ణి చంకనేసుకుని నాకన్నా ముందే గట్టు దారి పట్టింది. పొద్దు గూకేదాకా పందిరి కింద వాడు ఆమె జుట్టు పీకుతూ ఏడుస్తూనే ఉన్నాడు. చెరకు నరుకుతూ ఆ ఏడుపు వింటుంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!